అరువు గొంతు

ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
జూన్ 3

ప్రియమైన బామ్మర్దికి,

మీ బావ వందనాలు. నువ్వు తిరిగి చెప్పవని తెలుసు కాబట్టి నీ వంతు కూడా నేనే చెప్పేసుకుంటున్నాను.

మీ అక్కా నేనూ క్షేమంగా చేరాం. డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూసి గోరంత కాయ ఉందన్నాడు. మూడు వారాలు పరీక్షలు, ఆ తర్వాత చిన్న కోత. ఈలోగా ఒక్క మాట కూడా మాట్లాడకూడదట. నోరు మూసుకోమని మీ అక్క పెళ్ళయిన దగ్గర్నుంచీ చెప్తోంది. ఆవిడకి పద్దెనిమిదేళ్ళుగా చేతకాని పని ఈ కుర్ర డాక్టరు ఒక్క నిమిషంలో చేసి చూపించాడు. ఆవిడ అతని వైపు చూసిన చూపుకి నాకు కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

ఫోనులో మాట్లాడలేను, ఆ చిన్న చిన్న అక్షరాలు నొక్కడం నా వేళ్ళకి రాదు. అందుకే ఉత్తరాలు. భరించు. ఇరవై రెండేళ్ళుగా బస్టాండు మైకులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో ఊరందరికీ చెప్పిన గొంతు ఇది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఇదే. నెలరోజులు సెలవిస్తే దాని సొమ్మేం పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. పాటల పుస్తకాల బీరువా తాళంచెవి నువ్వు కాపలా ఉంటున్న మా ఇంట్లోనే మేకుకి వేలాడుతోంది. ఆదివారం పొద్దున్న వెళ్ళి బీరువా తియ్యి, ఆరాధన అయ్యాక వెయ్యి. మధ్యలో టీచరమ్మా టైలరమ్మా చెరో శ్రుతిలో మొదలుపెట్టకుండా చూడు. ఇద్దరికీ తామే ముందు ఎత్తుకోవాలని. నేను లేనని తెలిస్తే గుడి పైకప్పు లేచిపోతుంది. నువ్వు దేవుణ్ణి పలకరించనక్కర్లేదు. ఆయన్ని దాటుకుని బీరువా దాకా వెళ్తే చాలు.

ఇట్లు,
మైకు బావ

*

మీ ఇల్లు, వంటగది
జూన్ 12

బావా,

మూడేళ్ళ తర్వాత చర్చిలో అడుగు పెట్టాను, నీ బీరువా పుణ్యమా అని. తలుపు పక్కనున్న చివరి బల్ల మీద కూర్చున్నాను. మంట అంటుకుంటే ముందు బయటపడేది నేనే.

నీ పాటబృందం గురించి ఏం చెప్పమంటావు. టీచరమ్మ పైనుంచి ఎత్తుకుంది. టైలరమ్మ కింది నుంచి ఎత్తుకుంది. మిగతావాళ్ళు ఎటు పోవాలో తెలీక నడిరోడ్డు మీద నిలబడ్డ కోళ్ళలా అటూ ఇటూ చూశారు. ఖాళీ గొట్టంలో గాలి చేరితే కుళాయి దగ్గుతుంది చూడు, సరిగ్గా ఆ చప్పుడు. ప్లంబర్ని కాబట్టి నాకు అలవాటే. పాపం పైవాడికి అలవాటుందో లేదో.

ఆరాధనయ్యాక పాస్టరుగారు నా భుజం మీద చెయ్యేసి, "బావకోసం ఒక చిన్న ప్రార్థన చేస్తావా బాబూ" అన్నారు. "నేను కుళాయిలు మాత్రమే చేస్తానండీ" అన్నాను. పెరట్లో కారుతున్న కుళాయి చూపించారు. వాషరు మార్చి వచ్చాను. ఆ విధంగా దేవుడూ నేనూ ఒకరికొకరం ఏమీ బాకీ లేం.

నా మీద కోపం తెచ్చుకోకు. నేనెందుకు మానేశానో నీకు తెలుసు. మా ఆవిడ మంచం చుట్టూ నిలబడి మూడు రోజులు పాడారు మీరంతా. ఊళ్ళో నీ గొంతుకంటే పెద్ద గొంతు లేదు. అదే వినపడనివాడికి నేను గొణిగితే ఏం వినపడుతుంది. చెవిటివాడి ముందు శంఖం.

సరే, వదిలెయ్. బస్టాండులో అందరూ నిన్ను అడుగుతున్నారు. నీ కుర్చీ నీకోసం అలాగే ఉంది.

అక్కని అడిగానని చెప్పు. ఆవిడ లేకపోతే ఈ పొయ్యి కూడా నా మాట వినట్లేదు.

పానా

*

ఆసుపత్రి, మూడో అంతస్తు
జూన్ 24

ప్రియమైన బామ్మర్దికి,

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. నవ్వితే కూడా గొంతు కదులుతుందట. మా వార్డులో ఆరుగురం. ఆరుగురికీ గొంతే జబ్బు. తలా ఒక పలక ఇచ్చారు. పక్క మంచం మీద ఒక లారీ డ్రైవరు. పలక మీద కూడా బూతులే రాస్తాడు. నర్సమ్మ వచ్చేసరికి మోచేత్తో తుడిచేస్తాడు. నిన్న తుడవడం మర్చిపోయాడు. ఆవిడ చదివి, అక్షరదోషం దిద్ది, పలక తిరిగిచ్చింది.

శుక్రవారం సాయంత్రాలు పాటబృందాన్ని రమ్మను. నువ్వు పానాతో బల్ల మీద తాళం వెయ్యి. తాళం ఒకటైతే శ్రుతి దానంతటదే దారిలోకి వస్తుంది. టీచరమ్మకి నువ్వంటే భయం, టైలరమ్మకి నీ పానా అంటే భయం. పని జరుగుతుంది.

ఆపరేషను వచ్చే బుధవారం. చిన్నదే. నువ్వు ప్రార్థన చెయ్యనక్కర్లేదు, నేను చేసుకుంటున్నాలే.

మైకు బావ

(కాగితం వెనక, వేరే చేతిరాత)

తమ్ముడూ, మీ బావ స్నానానికి వెళ్ళాడు. గబగబా రాస్తున్నాను. ఆయన నీకు అబద్ధం రాశాడు. గోరంత కాయ కాదు. క్యాన్సరు. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. మెడకి కన్నం పెడతారు, ఊపిరి అందులోంచే. ప్రాణం దక్కుతుంది కానీ ఇంక ఎప్పటికీ మాట రాదు, పాట రాదు. కాగితాల మీద సంతకం పెట్టేశాడు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఎందుకంటే, "వాడు ఇప్పుడిప్పుడే చర్చి గుమ్మం తొక్కాడే, ఇది తెలిస్తే మళ్ళీ దేవుడితో పోట్లాటకి దిగుతాడు" అని రాశాడు పలక మీద. అన్నం మానేశాను అనుకోకు, తింటున్నాను. అక్క.

*

మీ ఇల్లు
జూన్ 29

బావా,

అక్క రాసింది. ఆవిడని ఏమీ అనకు. అనడానికి నీకు ఎటూ కుదరదు.

నాలుగుసార్లు ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. అందులో ఉన్న మాటలు ఆ లారీ డ్రైవరు పలక మీద కూడా పట్టవు. ఊళ్ళో ఇన్ని గొంతులున్నాయి. టీచరమ్మది తీసుకోవచ్చు, నాది తీసుకోవచ్చు, తీసుకున్నా ఎవరూ గమనించరు. ఏరికోరి నీదే కావాలా ఆయనకి. నీ పాట నచ్చకపోతే ముందే ఒక ముక్క చెప్పాల్సింది.

నువ్వు భయపడినట్టే పోట్లాటకి దిగాను. అదెలా జరిగిందో కూడా చెప్తాను, ఇంకెవరో చెప్తే పెద్దది చేసి చెప్తారు. నిన్న ఆదివారం పాస్టరుగారు నీకోసం ఎవరైనా ప్రార్థన చెయ్యమన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకు తెలీదు. అందరూ కళ్ళు మూసుకోవడం మానేసి నన్ను చూశారు. మూడేళ్ళుగా కూడబెట్టిన తిట్లన్నీ సమయానికి మాయమయ్యాయి. చివరికి, "మా బావ గొంతు సంగతి. నీకు తెలుసు కదా. అంతే" అని కూర్చున్నాను.

టైలరమ్మ ఆమెన్ అంది. నేనడిగానా ఆవిణ్ణి.

బుధవారం పొద్దున్నుంచీ పని పెట్టుకోను. ఇంట్లోనే ఉంటాను.

పానా

*

ఆసుపత్రి
జూలై 16

బామ్మర్దికి,

ఆపరేషను అయింది. బతికాను.

మొన్న నర్సమ్మ మందుల బండి తోసుకొస్తూ తలుపు సందులో వేళ్ళు పెట్టబోయింది. జాగ్రత్త అని అరిచాను. అరిచాననే అనుకున్నాను. మెడలోంచి గాలి మాత్రం వచ్చింది. ఆవిడ వేలు నలిగింది. దెబ్బ తగిలిన ఆవిడే వచ్చి నన్ను ఊరుకోమంది.

కొత్తగా ఒకాయన వార్డులో చేరాడు. మన బస్టాండు మీదుగానే వచ్చాడట. అక్కడ ఇప్పుడు యంత్రంలోంచి ఒక ఆడగొంతు చెప్తోందనీ, చాలా స్పష్టంగా ఉందనీ పలక మీద రాశాడు. నేనెవరో అతనికి తెలీదులే. నీకు ముందే తెలుసు కదూ. కుర్చీ అలాగే ఉందని రాశావు. అబద్ధం కాదు. కుర్చీ ఉంది.

రోజూ పొద్దున్న ప్రార్థనకి కూర్చుంటున్నాను. చిన్నప్పట్నుంచీ నేను పాడుతూనే ప్రార్థన చేశాను బామ్మర్దీ. పాట లేకుండా ఆయనతో ఎలా మాట్లాడాలో నాకు తెలీదు. నేర్చుకోలేదు. కాసేపు కూర్చుని లేచేస్తున్నాను.

చెయ్యి నొప్పిగా ఉంది. ఇంక రాయను.

బావ

*

మీ ఇల్లు
జూలై 22

బావా,

అవును, యంత్రం పెట్టారు. నువ్వు వెళ్ళిన రెండోవారమే. దాచాను. నువ్వు క్యాన్సరు దాచావు, నేను యంత్రం దాచాను. ఇద్దరిలో ఎవరు పెద్ద దొంగో అక్కని తేల్చమందాం. ఒక్క సంగతి చెప్తాను విను. ఆ యంత్రం బస్సు వెళ్ళిపోయాక వచ్చిందని చెప్తోంది. నిన్న ముగ్గురు ముసలమ్మలు ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడి దాన్ని పేరుపెట్టి తిట్టారు. దానికి పేరు లేకపోతే వాళ్ళే పెట్టారు.

నీ మెడలో కన్నం గురించి కూడా నా అభిప్రాయం రాస్తాను. అసలు గొట్టం పాడైతే పక్కనుంచి కొత్త దారి వేస్తాం. చూడ్డానికి బాగోదు, నీళ్ళు మాత్రం ఆగవు. నీకూ అదే పని చేశారు. పనివాడు ఎవరో గట్టివాడే.

ఓదార్చడం నాకు రాదు. ఓదార్పు మాటలంటే నాకున్న అసహ్యం నీకు తెలుసు. అందుకని జరిగిన సంగతి ఒకటి రాస్తాను. నీకు గుర్తుందో లేదో.

మా ఆవిడ పోయిన రోజు. మట్టి చేసి వచ్చాక ఇంటి నిండా జనం. ఒక్కొక్కరూ వచ్చి ఆమె మంచిచోటికి వెళ్ళిందనీ, అంతా ఆయన చిత్తమనీ చెప్పారు. పాడారు. వెళ్ళిపోయారు. నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. వంటగదిలో ఏదో చప్పుడు. చూస్తే నువ్వు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, నేల మీద కూర్చుని, మూడు రోజుల ఎంగిలి గిన్నెలు తోముతున్నావు. గంట పైనే తోమావు. పాడలేదు. ఒక వాక్యం చెప్పలేదు. నావైపు చూడను కూడా లేదు. నీకున్న నోటికి అదెంత కష్టమో నాకు తెలుసు.

ఆ మూడు రోజుల్లో మీరు చేసిన ప్రార్థనలన్నిట్లో నా చెవిన పడింది ఆ గిన్నెల చప్పుడొక్కటే. నీ గొంతు ఎంత పెద్దదైనా, ఆ రోజు నాతో మాట్లాడింది అది కాదు.

నీ దేవుడి గురించి నాకు తెలీదు. నాకే వినపడితే ఆయనకి వినపడకుండా ఉంటుందా.

శుక్రవారం సాధన బాగానే జరిగింది. టీచరమ్మ తాళం తప్పితే పానా ఎత్తి చూపించాను.

పానా

*

ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
ఆగస్టు 5

ప్రియమైన బామ్మర్దికి,

వందనాలు. ఈసారి నీ వంతు నీకే వదిలేస్తున్నాను. చెప్తావో మానేస్తావో నీ ఇష్టం.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మీ అక్క అది మడిచి దిండు కింద పెట్టింది. ఇప్పుడు కాగితం మడతల దగ్గర చిరుగుతోంది. ఆ గిన్నెల సంగతి నాకు నిజంగానే గుర్తులేదు. ఏం మాట్లాడాలో తోచక చేసి ఉంటాను. అసమర్థుడి పని అది. దాన్నే నువ్వు దాచుకున్నావన్నమాట.

మొన్న ఆదివారం ఏం జరిగిందో విను. పొద్దున్నే కిటికీలోంచి ఎక్కడిదో చర్చి గంట వినపడింది. లారీ డ్రైవరు పలక ఎత్తి చూపించాడు. "ఇవాళ ఆదివారం. నువ్వు పాటలవాడివట కదా. కానియ్" అని. మా ఇద్దరికీ మెడలో కన్నాలే. నేను నా మెడ చూపించాను. అతను తన మెడ చూపించి, మళ్ళీ రాశాడు. "అయితే ఏం?"

మంచం దిగి మధ్యలో నిలబడ్డాను. చెయ్యెత్తాను. అందరికీ వచ్చిన పాట ఒకటి ఎంచుకుని పెదవులతో మొదటి మాట చూపించాను. లారీ డ్రైవరు చెంచాతో మంచం కోడు మీద తాళం వేశాడు. మిగతావాళ్ళు మందుసీసాలూ గ్లాసులూ అందుకున్నారు. ఆరుగురం పెదవులు కదుపుతూ పాడాం. గాలి తప్ప ఏమీ బయటికి రాలేదు. ఒక్కడూ శ్రుతి తప్పలేదు. ఇరవై రెండేళ్ళలో నా పాటబృందం శ్రుతి తప్పకపోవడం ఇదే మొదటిసారి, టీచరమ్మకి చెప్పు.

నర్సమ్మ పరుగెత్తుకొచ్చి, "ఎవరండీ ఈ గోల" అంది. మా వార్డు మీద గోల చేస్తున్నారని ఫిర్యాదు వచ్చిందంటే నేను ఎంత గర్వపడ్డానో నీకు అర్థమవుతుందనుకుంటాను.

రెండో చరణం దగ్గర నా చేతులు ఆగిపోయాయి. తాళం సాగుతూనే ఉంది. ఇన్నాళ్ళూ పాడేటప్పుడు నా గొంతే నాకు వినపడేది. చాలా బాగుందే అనుకునేవాణ్ణి, నీ దగ్గర దాచడమెందుకు. ఆ రోజు అది లేదు. లేకపోయేసరికి వెలితిగా ఉంటుందనుకున్నాను. అలా లేదు. ఎవరో వచ్చి పక్కన కూర్చుని, నావైపు చూడకుండా, నా ఎంగిలి గిన్నెలు ఒక్కొక్కటీ తోముతున్నట్టుంది. ఎంతసేపైనా కూర్చునేలా ఉన్నాడు. ఆయన మాట్లాడలేదు, నన్నూ మాట్లాడమనలేదు. నేను ఏడ్చాను. మెడలోంచి ఏడుపు ఎలా వస్తుందో ఎప్పుడైనా వింటే నువ్వు పానా పట్టుకొస్తావు.

భయం పోయిందని చెప్పను. పొద్దున్న లేవగానే ఉంటుంది. కానీ నాతోపాటు అదొక్కటే లేవట్లేదు ఇప్పుడు.

కరెంటు పెట్టడం, అదే రేడియేషను, ఇరవై నాలుగో తేదీకి అయిపోతుంది. ఇరవై ఎనిమిదిన ఇల్లు చేరతాం. ఆ ఆదివారం నేను సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారు రాశారు. ఏం జరిగిందో, దేవుడు నన్ను ఎలా నిలబెట్టాడో అందరి ముందూ చెప్పాలట. నేను రాసిస్తాను, నువ్వు చదవాలి. మీ అక్క చదవలేదు, మొదటి ముక్కకే ఏడుస్తుంది. టీచరమ్మకిస్తే మధ్యలో వ్యాకరణం సరిచేస్తుంది. ఇంక మిగిలింది నువ్వే.

బావ

*

మీ ఇల్లు
ఆగస్టు 14

బావా,

ఎలుకకి పిల్లి సాక్ష్యం అన్నట్టుంది నీ వరస. ఊళ్ళో నమ్మకం ఉన్నవాళ్ళు వంద మంది ఉండగా నన్నే పట్టుకున్నావు.

నీకోసం గొంతు అరువిస్తాను. అది మాత్రమే. అందులో ఉన్న నమ్మకాన్ని నా పేరుకి అంటించకు. కాగితం ముందు నాకివ్వు, ఒకసారి చూసుకుంటాను.

బస్టాండు మేనేజరు కనిపించాడు. పోయిన సామాన్ల గదిలో నిన్ను కూర్చోమంటున్నాడు. బస్సుల్లో జనం మర్చిపోయిన గొడుగులూ సంచులూ అడ్డదిడ్డంగా పడున్నాయట, రాసిపెట్టే దిక్కులేదట. గొడుగుల్ని మైకులో పిలవనక్కర్లేదు కాబట్టి నీకు సరిపోతుందన్నాడు. నీ తరఫున సరేనన్నాను.

ఇల్లు ఊడ్చాను. పొయ్యి సంగతి అక్క చూసుకుంటుంది.

పానా

*

చర్చి, ముందు నుంచి రెండో బల్ల
ఆగస్టు 30, పాస్టరుగారు ప్రకటనలు చదువుతుండగా

బామ్మర్దీ,

కాగితం ముందివ్వమన్నావు. ఇవ్వలేదు, తెలుసు. ఇంకో రెండు నిమిషాల్లో నిన్ను పిలుస్తారు. రాసింది రాసినట్టు చదువు. మధ్యమధ్యలో "మా బావ అంటున్నాడు" అని కలపకు. తలుపు వైపు చూడకు, అక్కడ లారీ డ్రైవరు నిలబడ్డాడు. నా కోసం ఇంత దూరం వచ్చాడు. నిన్ను దాటనివ్వడు.

కింద ఉన్నది చదవాల్సింది.

"సహోదరులారా, నా దగ్గరున్నవాటిలో అన్నిటికంటే మంచిదాన్ని పోగొట్టుకున్నాను. ఎందుకని ఆయన్ని అడిగాను. జవాబు రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. వచ్చిందని చెప్తే అబద్ధం అవుతుంది. కోపం వచ్చింది. ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయన నన్ను తొందరపెట్టలేదు, నా మీద అలగలేదు. నేను ఒంటరిగా ఉన్నాననుకున్న గదిలో నాతోపాటు కూర్చున్నాడు. అది నాకు అప్పుడు తెలీలేదు. ఇప్పుడు తెలుస్తోంది. ప్రభువు నన్ను విడిచిపెట్టలేదు. నాకు ఇంకా భయంగానే ఉంది, అయినా నేను ఆయన్ని నమ్ముతున్నాను."

*

నా కొట్టు
ఆగస్టు 31

బావా,

ఎదురుగా వచ్చి తిడదామనుకున్నాను. నువ్వు పలక తీసి ఏదో ఒకటి రాసి నవ్విస్తావు. అందుకని ఉత్తరం.

నువ్వు చేసింది మోసం. పాస్టరుగారి ఎదురుగా, నీ భార్య ఎదురుగా, ఆ డ్రైవర్ని కాపలా పెట్టి మరీ చేసిన మోసం. సాక్ష్యం అంటే ఆసుపత్రి, కోత, మెడలో కన్నం, ఇవి ఉంటాయనుకున్నాను. ఒక్కటీ లేదు. గొంతు అన్న మాట ఎక్కడా రాయలేదు నువ్వు. ఆ మాటలన్నీ నాకూ సరిపోతాయని సగం చదివేదాకా నాకు వెలగలేదు. వెలిగేసరికి వెనక్కి పోవడానికి దారి లేదు.

కోపం వచ్చిందన్న చోట ముందు బల్ల మీద టైలరమ్మ తలెత్తి చూసింది. నీవైపు కాదు, నావైపు. ఆ గది దగ్గరికొచ్చేసరికి నాకు మా వంటగదే కనిపించింది. నేను గోడకానుకుని ఉన్నాను. నువ్వు గిన్నెలు తోముతున్నావు. నువ్వొక్కడివే తోముతున్నావని మూడేళ్ళూ అనుకున్నాను బావా.

చివరి వాక్యం నీ తరఫునే చదివాను. ఒట్టు. అరువిచ్చిన గొంతుతో, గట్టిగా, తడబడకుండా చదివాను. కాగితం మడవబోయాను. చెయ్యి ఆగింది. నువ్వు తల వంచుకుని నీ చెప్పులు చూసుకుంటున్నావు, నీకేమీ తెలీనట్టు. అప్పుడు మళ్ళీ చదివాను. రెండోసారి గొంతు బాగా లేదు, పాత కుళాయిలా వచ్చింది.

బయటికొచ్చాక ఆ వాక్యం రెండుసార్లు ఎందుకు చదివావురా అని అక్క అడిగింది. నీ చేతిరాత కోడి గీకినట్టుందనీ, మొదటిసారి సరిగ్గా కనపడలేదనీ చెప్పాను.

అక్క నమ్మింది. నువ్వు మాత్రం నమ్మకు.

పానా